ఆ నాలుగు మిల్లీమీటర్లు

రేకు కోయడం గురించి రాస్తానంటే మా ఎడిటర్ అక్క మొదట నవ్వింది. "అది టెక్నికల్ మ్యాగజైన్‌కి ఇవ్వు, ఇక్కడ కథో కవితో రాయి" అంది. అక్కడైతే బ్లాక్ డయాగ్రమ్, రిజల్ట్స్, కన్‌క్లూజన్ అడుగుతారు. నేను చెప్పదలుచుకున్నది ఆ మూడింట్లో ఎక్కడా పట్టదు. అందుకే పట్టుబట్టి ఇక్కడే రాస్తున్నాను.

విషయం ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టుకోండి. మన ప్రాజెక్టుల్లో గీతలు మనం గీస్తాం, కోసేది మాత్రం గేటు బయట ఇంకెవరో. కోసే పని ఎంత కష్టమో, ఎంత ప్రమాదమో మనకి తెలియదు, తెలుసుకోవాలన్న ధ్యాసా లేదు. రిపోర్టులో కోతలు కోయడం మాత్రం మనకి బాగా వచ్చు. ఇది మారాలి. మారకపోతే ఏమవుతుందో నా వల్లే ఒకసారి అయింది కాబట్టి, ముందు అది చెప్తాను.

పోయినేడు, థర్డ్ ఇయర్‌లో, మా బ్యాచ్ ప్రాజెక్టు ధాన్యం ఆరబెట్టే చిన్న డ్రయ్యర్‌కి కంట్రోల్ బాక్స్. నలుగురం. బాక్స్ 12 మి.మీ. ప్లైవుడ్‌తో, ముందు ప్యానెల్ 2 మి.మీ. అల్యూమినియం రేకుతో, లోపల వైర్ల మీద చెయ్యి పడకుండా 3 మి.మీ. అక్రిలిక్ పలక. ప్యానెల్ మీద ఒక టెంపరేచర్ కంట్రోలర్, ఒక అమ్మీటర్. రెండూ 96 × 96 సైజువి. డ్రాయింగ్ బాధ్యత నాది. వెర్నియర్ పెట్టి మీటరు ముఖం కొలిచాను. సరిగ్గా 96. క్యాడ్‌లో 96 × 96 కిటికీలు రెండు గీశాను. ప్రింటు తీసి కాలేజీ గేటు ఎదురుగా ఉన్న గేట్లు, గ్రిల్స్ షాపు అన్నకి ఇచ్చాం. ఆయన జిగ్ సాతో రెండు రోజుల్లో నీటుగా కోసి ఇచ్చాడు.

ఎక్స్‌పోకి ముందు రోజు సాయంత్రం బిగిద్దామని కూర్చున్నాం. మీటరు కిటికీలో పెట్టగానే సరాసరి బాక్స్ లోపలికి పడిపోయింది. రెండోదీ అంతే.

ఇది తెలిసిన వాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. 96 అనేది మీటరు ముఖం సైజు. వెనక బాడీ అంతకన్నా సన్నగా ఉంటుంది. ఆ ముఖం అంచే ప్యానెల్ మీద ఆని నిలబడాలి. అందుకని 96 మీటరుకి కోయాల్సిన కిటికీ 92 × 92. ఆ మాట డేటాషీట్ చివరి పేజీలో బొమ్మతో సహా ఉంది. నేను మొదటి పేజీలో వైరింగ్ చూసుకుని ఆపేశాను. తేడా నాలుగు మిల్లీమీటర్లు. పెద్ద కిటికీని చిన్నది చేయలేం కదా, కొత్త రేకు కోయించాల్సిందే.

అప్పటికి సాయంత్రం ఆరున్నర దాటింది. ఎనిమిదికి మా లేడీస్ హాస్టల్ గేటు మూసేస్తారు. పొద్దున తొమ్మిదికి జడ్జీలు వస్తారు. పరిగెత్తుకుంటూ అన్న దగ్గరికి వెళ్లాం. ఆయన షట్టర్ దించబోతున్నాడు. రేకు చూసి, "చెల్లెమ్మా, జిగ్ సా సైటుకి పోయింది, పొద్దున ఏడింటికి వస్తది. రాగానే మీదే ముందు చేసిస్తా" అన్నాడు. తొమ్మిది లోపు బిగించలేమని మా భయం. "అన్నా ప్లీజ్ అన్నా, గ్రైండర్‌తో అవ్వదా?" అన్నాను. అన్నది నేనే.

ఆయన కాసేపు ఆలోచించి నాలుగంగుళాల హ్యాండ్ గ్రైండర్ తీశాడు. దానికి ఇనుము కోసే సన్నటి కటింగ్ డిస్క్ ఉంది. మూలల దగ్గర గార్డు రేకుకి తగిలి డిస్క్ లోపలికి దిగట్లేదు. స్పానర్ తెచ్చి గార్డు విప్పి పక్కన పెట్టాడు. అది చూశాను. దాని పని ఏమిటో సెకండ్ ఇయర్‌లో పరీక్షలో రాసి కూడా ఉంటాను. కానీ ఆ నిమిషంలో నాకు గార్డు కనపడలేదు, గడియారం కనపడింది. వెలుతురు చాలట్లేదంటే ఫోన్ టార్చ్ పట్టుకున్నాను.

మొదటి కిటికీ అయిపోయింది. రెండోదాంట్లో మూడో వైపు కోస్తుండగా డిస్క్ ఇరుక్కుంది. ఒక్క శబ్దం. డిస్క్ మూడు ముక్కలైంది. ఒక ముక్క ఆయన ఎడమ ముంజేతిని చీల్చుకుంటూ వెళ్లి షట్టర్‌కి కొట్టుకుంది. కళ్లద్దాలు లేవు. కంటికి తగల్లేదు, అంతే. అది మా తెలివి కాదు.

మా బ్యాచ్ అబ్బాయిలిద్దరూ ఆయన్ని బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆరు కుట్లు. నేను ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే హాస్టల్లో ఉన్నాను. మిగిలిన ఆ వైపుని మావాళ్లు రాత్రంతా హ్యాక్‌సా బ్లేడుతో, ఆకురాయితో గీకి గీకి పూర్తి చేశారు. పొద్దున మీటర్లు రెండూ చక్కగా కూర్చున్నాయి. మాకు సెకండ్ ప్రైజ్ వచ్చింది. ఆ షాపు షట్టర్ మాత్రం పది రోజులు సగమే లేచింది.

ఆస్పత్రి ఖర్చు మేం పెట్టుకున్నాం. పోయిన రోజుల కూలి ఇస్తామంటే ఆయన తీసుకోలేదు. "మా పనిలో ఇవన్నీ మామూలే చెల్లెమ్మా" అన్నాడు. తర్వాత కూడా నేను దీని గురించే మాట్లాడుతుంటే మా రూమ్మేట్ ఒకరోజు విసుక్కుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? ఆయనే మామూలంటున్నాడుగా." సామెత బాగానే వాడింది. కానీ ఆలోచిస్తే, కందకి దురద లేదని ఎవరు చెప్పారు? మనతో చెప్పుకుని లాభం లేదని తెలిసి ఊరుకుందేమో.

ప్రమాదం ఎక్కడికి పోయింది?

ఫస్ట్ ఇయర్ వర్క్‌షాప్ ల్యాబ్ గుర్తుందా? ఫిట్టింగ్‌లో వి-ఫిట్, కార్పెంటరీలో ల్యాప్ జాయింట్, టిన్ స్మితీలో రేకు ట్రే. సుద్ద రాసి, స్క్రైబర్‌తో గీసి, డాట్ పంచ్ కొట్టి, చేతులు బొబ్బలెక్కేలా ఆకురాయి పట్టాం. కొందరైతే సీనియర్ల పీసులకే కొత్తగా మెరుగు పెట్టి చూపించారు. పేర్లు చెప్పను, అందులో నేనూ ఉన్నాను. ఆ ఏడాది అయ్యాక ఆ షెడ్డు గుమ్మం తొక్కింది లేదు. నిజంగా కోయాల్సిన అవసరం వచ్చేది థర్డ్ ఇయర్, ఫైనల్ ఇయర్‌లో. సరిగ్గా అప్పుడు ఆ తలుపుకి తాళం. అడిగితే వచ్చే జవాబు ఒకటే: "స్టూడెంట్స్‌కి ఏమైనా అయితే ఎవరు బాధ్యులు?"

ప్రశ్న న్యాయమైనదే. కానీ దాని ఫలితం చూడండి. ప్యానెల్ కోయడం ఆగలేదు. గేటు బయట, ఇద్దరు పనిచేసే షాపుకి వెళ్లింది. మా షెడ్డులో బల్లకి బిగించిన వైస్ ఉంది, మంచి వెలుతురు ఉంది, కళ్లద్దాలున్నాయి, పక్కన నిలబడి చూసే వర్క్‌షాప్ సార్ ఉన్నారు. బయట షాపులో ఇవేవీ లేవు. అంటే ప్రమాదాన్ని మనం తీసెయ్యలేదు. ఎక్కడ రక్షణ తక్కువో అక్కడికి పంపించాం, పంపించి మనం సేఫ్ అనుకుంటున్నాం.

తిరిగే యంత్రాలకి కంచె ఉండాలని 21వ సెక్షన్‌లో, కళ్లకి రక్షణ ఇవ్వాలని 35వ సెక్షన్‌లో మన దేశపు ఫ్యాక్టరీల చట్టం 1948లోనే రాసింది. కానీ కరెంటుతో నడిచే చోటైతే మామూలుగా పదిమంది పనివాళ్లుంటేనే ఆ చట్టం లెక్కలో అది ఫ్యాక్టరీ అయ్యేది. ఇద్దరున్న షాపు గుమ్మం దాకా ఆ సెక్షన్లు ఎప్పుడూ నడిచి రాలేదు. అక్కడ కంచె అంటే ఆ షాపాయన ఓపిక, ఆయనకి మనం ఇచ్చే టైమ్. మేం ఆ రెండూ లాగేసుకున్నాం.

మనం లెక్కలు చేసే వాళ్లం కదా, ఒక లెక్క చెప్తాను. నాలుగంగుళాల డిస్క్ వ్యాసం 100 మి.మీ. గ్రైండర్ వేగం నిమిషానికి సుమారు 11,000 చుట్లు. అంచు వేగం సెకనుకి దాదాపు 57 మీటర్లు, అంటే గంటకి 200 కిలోమీటర్ల పైన. ఆ వేగంలో తిరిగే పలుచని రాయి ముక్క విరిగితే తప్పుకునే టైమ్ మనిషికి ఉండదు. గార్డు ఉన్నది అందుకు. పైగా అల్యూమినియం మెత్తటి లోహం. ఇనుము కోసే డిస్క్‌కి అది కరిగి అంటుకుపోయి, గరుకుని పూడ్చేస్తుంది. డిస్క్ కోయడం మానేసి రుద్దుతుంది, వేడెక్కుతుంది, పట్టేస్తుంది. ఇందులో ఏ ముక్కా మన సిలబస్‌కి బయటిది కాదు. ఆ రాత్రి మాకు గుర్తు రాలేదు, అంతే. చేతికి అలవాటు లేని చదువు అవసరానికి గుర్తు రాదని నాకు అప్పుడు తెలిసింది.

మూడు వస్తువులు, మూడు స్వభావాలు

ఆ తర్వాత నేను వర్క్‌షాప్ సార్ వెంటపడ్డాను. ఆయన శనివారాలు రెండు గంటలు రానిచ్చారు, ఆయన ఎదురుగానే అన్న షరతు మీద. మొదటి రోజు ఏ మిషనూ ముట్టనివ్వలేదు. "ముందు మెడలో ఐడీ కార్డు తియ్యి" అన్నారు. కాలేజీలో ఐడీ కార్డు లేకపోతే ఫైన్, డ్రిల్లింగ్ మిషన్ ముందు ఉంటే ఇంకా పెద్ద ఫైన్. ఆ తాడు, చున్నీ, జడ, వదులు చేతులు, ఏది తిరిగే బిట్‌కి చుట్టుకున్నా మనిషిని దగ్గరికి లాక్కుంటుంది. గ్లవ్స్ కూడా అంతే. డ్రిల్లింగ్ దగ్గర గ్లవ్స్ వద్దు, కోసిన రేకు మోసేటప్పుడు కావాలి. నేను ఇన్నాళ్లూ తిరగేసి అనుకున్నాను.

రేకు సంగతి. హ్యాక్‌సా బ్లేడు మీద 24 అని ఉంటే అంగుళానికి 24 పళ్లు. పన్నుకీ పన్నుకీ మధ్య ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఎప్పుడూ కనీసం రెండు మూడు పళ్లు లోహం మీద ఉండాలి. 2 మి.మీ. రేకుకి 24 పళ్ల బ్లేడుతో రెండే పళ్లు ఆనతాయి, ఒక మిల్లీమీటరు రేకైతే పళ్ల సందులో రేకు ఇరుక్కుని పళ్లు రాలిపోతాయి. పలుచని రేకుకి 32 పళ్ల బ్లేడు తీసుకోవాలి, లేదా రేకుని రెండు పనికిరాని ప్లైవుడ్ ముక్కల మధ్య పెట్టి మూడింటినీ కలిపి కోసెయ్యాలి. అప్పుడు రేకు వణకదు, అంచు వంగదు. పళ్లు ముందుకి చూడాలి, తోసేటప్పుడు కోయాలి. మా ఫస్ట్ ఇయర్‌లో సగం మంది బ్లేడు వెనక్కి బిగించి హ్యాక్‌సా మొద్దుబారిందన్నారు. ఆడలేక మద్దెల ఓడు.

లోపలి కిటికీ కోయాలంటే ముందు నాలుగు మూలలా గీత లోపల బెజ్జాలు వేసుకోవాలి. అందులోంచి జిగ్ సా బ్లేడు దిగుతుంది, మూల దగ్గర తిరగడానికి చోటూ ఉంటుంది. లోహానికి పనికొచ్చే సన్న పళ్ల బ్లేడు, తక్కువ వేగం, అల్యూమినియమైతే బ్లేడుకి కాస్త కొవ్వొత్తి రుద్దితే అంటుకోదు. గీత మీద కాకుండా అర మిల్లీమీటరు లోపలగా కోసి, మిగిలింది ఆకురాయితో గీత దాకా తెచ్చుకోవాలి. చివర్న అంచు మీద వేలితో కాదు, చిన్న గుడ్డ ముక్కతో తడిమి చూడాలి. గుడ్డ తట్టుకుంటే అక్కడ ఇంకా ముల్లు ఉన్నట్టు. ఆ ముల్లే రేపు వైరు తొడుగుని కోస్తుంది, బాక్స్‌కి షాక్ వస్తుంది. కాబట్టి ఆకురాయి పట్టడం అందం కోసం అనుకోకండి.

చెక్క సంగతి వేరు. ప్లైవుడ్ పై పొర పలుచగా ఉంటుంది, పన్ను బయటికి వచ్చే వైపు అది పెచ్చులుగా లేస్తుంది. చేతిరంపం తోసేటప్పుడు పళ్లు కిందికి దిగుతాయి, కాబట్టి మంచి ముఖం పైన. జిగ్ సా, చేత్తో పట్టుకునే సర్క్యులర్ సా పళ్లు కిందనుంచి పైకి వస్తాయి, కాబట్టి మంచి ముఖం కింద. ఈ ఒక్క విషయం తెలియక మా బాక్స్ ముందు భాగమంతా పెచ్చులే, తర్వాత పుట్టీ పూసి కప్పాం. గీత వెంట ముందుగా కటర్‌తో గాటు పెట్టి మాస్కింగ్ టేప్ అంటిస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది. కోసే ముక్కకి రెండు వైపులా ఆధారం ఉండాలి. మధ్యలో వంగితే కోత మూసుకుని బ్లేడుని పట్టేస్తుంది, మిషన్ మన మీదికి ఎగురుతుంది. ఇక పొడి. కలప పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది. రోజూ అందులోనే ఊపిరి పీల్చే వడ్రంగిని చూసి ఆ మాట గుర్తు తెచ్చుకోండి. మనం ఒక గంట పనికి కూడా మాస్క్ పెట్టుకోవాలి.

కోత కూడా వస్తువుని తింటుంది. 600 మి.మీ. పలకలో వందవి ఆరు ముక్కలు వస్తాయని క్యాడ్ చెప్తుంది. బ్లేడు దారి రెండున్నర మిల్లీమీటర్లు అనుకుంటే ఐదు కోతలకి పన్నెండున్నర పోయింది. ఆరో ముక్క 87.5 మాత్రమే. డ్రాయింగ్‌లో గీతకి మందం ఉండదు, రంపానికి ఉంటుంది. సర్వే, కాస్టింగ్, వెల్డింగ్ అన్నిట్లో అలవెన్స్ నేర్చుకున్న మనం ఇక్కడ మాత్రం మర్చిపోతాం.

ప్లాస్టిక్‌కి వేడి అంటే పడదు. అక్రిలిక్‌ని వేగంగా కోస్తే ముందు కరిగి, బ్లేడు వెనకాలే మళ్లీ అతుక్కుంటుంది. 3 మి.మీ. పలకకి అసలు రంపమే అక్కర్లేదు. విరిగిన హ్యాక్‌సా బ్లేడు ముక్కని కొక్కెంలా సానబెట్టి, ఉక్కు స్కేలు పక్కన పదిసార్లు తేలిగ్గా లాగితే గాడి పడుతుంది. గాడిని బల్ల అంచు మీద పెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, కిందికి నొక్కితే ఠక్కుమని గీత వెంటే విరుగుతుంది. పై పేపరు చివరిదాకా ఊడదీయొద్దు. బెజ్జం వేసేటప్పుడు కింద చెక్క పెట్టి బిగించాలి, బిట్ అవతలికి వచ్చే క్షణంలో చెయ్యి తేలిక చెయ్యాలి, పగుళ్లొచ్చేది అప్పుడే. బెజ్జం స్క్రూ కన్నా కొంచెం వదులుగా ఉండాలి. 500 మి.మీ. అక్రిలిక్ పలక 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.7 మి.మీ. సాగుతుంది. మాది డ్రయ్యర్ బాక్స్. మేం స్క్రూలు టైట్‌గా బిగించాం. ఎక్స్‌పో మధ్యాహ్నానికే మూల దగ్గర పగులొచ్చింది. డెకరేషన్ అనుకుని ఒక జడ్జి మెచ్చుకున్నారు కూడా.

"లేజర్ ఉండగా ఈ గోలంతా ఎందుకు?"

ఈ మాట ప్రతి ఒక్కరూ అంటారు. లేజర్ కటింగ్, సీఎన్‌సీ వచ్చేశాయి, ఫైల్ పంపిస్తే పీస్ వస్తుంది, రంపం పట్టుకోవడం ఎందుకు అని. నిజమే, నేనూ వాడతాను. కానీ నా 96 కిటికీని లేజర్‌కి ఇచ్చినా 96 గానే కోసేది, ఇంకా నీటుగా. మిషన్ మన తప్పుని దిద్దదు.

పైగా మిషన్‌కి ఏం ఇవ్వొచ్చో మనకే తెలియాలి. మోడల్స్‌కి మనం తెగ వాడే సన్‌బోర్డ్ ఉందే, అది నురగలా పొంగించిన పీవీసీ. దాన్ని లేజర్ కింద పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మిషన్ పట్టాలు తుప్పు పడతాయి, అక్కడ నిలబడ్డ వాళ్ల ఊపిరితిత్తులకి ఇంకా చేటు. "అన్నా, ఇది కూడా వెయ్యి అన్నా, చిన్న ముక్కే" అని బతిమాలుతున్న జూనియర్లని నేను చూశాను. సన్‌బోర్డ్‌కి కొత్త బ్లేడు వేసిన కటర్, ఉక్కు స్కేలు చాలు. ఒకేసారి బలంగా కాకుండా మూడు నాలుగు సార్లు తేలిగ్గా, స్కేలు పట్టుకున్న వేళ్లు అంచుకి దూరంగా పెట్టి కోస్తే సరిపోతుంది.

ఇంకో మాట కూడా అంటారు, "మేం ఇంజనీర్లం, కట్టర్లం కాదు" అని. అన్నీ మనమే కోయాలని నేనూ అనట్లేదు. పది కోతలు స్వయంగా కోసిన వాళ్లు గీసే గీత వేరుగా ఉంటుందంటున్నాను. లోపలి మూలని పదునైన లంబకోణంగా గీసేముందు ఆ మూలలోకి ఏ పనిముట్టు వెళ్తుందో ఆలోచిస్తారు. "ఒక్క పది నిమిషాల పనేగా అన్నా" అనేముందు నోరు ఆగుతుంది.

నేను అడిగేది

పెద్ద బడ్జెట్ కోరికలేం కావు. ఎక్స్‌పోకి ముందు మూడు వారాలు, వారానికి రెండు సాయంత్రాలు, సార్ సమక్షంలో వర్క్‌షాప్ తెరవాలి. చేతి పనిముట్లు, జిగ్ సా, డ్రిల్లింగ్ మిషన్ చాలు. గ్రైండర్ మా చేతికి ఇవ్వక్కర్లేదు, నేనే వద్దంటాను. ఎక్స్‌పోకి వారం ముందే కోత పనంతా పూర్తయి ఉండాలన్న నియమం పెట్టాలి. ఆఖరి రాత్రి కోడ్ మార్చుకోండి, స్లైడ్లు మార్చుకోండి, రేకు మాత్రం కోయించకండి. రిపోర్టులో ఒక పేజీ చేర్చాలి: ఏ వస్తువు, ఎంత మందం, దేనితో కోశారు, ఎవరు కోశారు. గైడ్‌కి, హెచ్‌ఓడీకి, అమ్మానాన్నలకి థాంక్స్ చెప్పే పేజీలో ఆ కోసినాయన పేరుకి కూడా ఒక లైను ఉంటుంది.

ఇవి కాలేజీ చేయాల్సినవి. మనం చేయగలిగింది ఇంకా సులువు. షాపుకి వెళ్లేటప్పుడు ప్రింటుతో పాటు మీటరుని కూడా తీసుకెళ్లండి. డేటాషీట్ చివరి పేజీ దాకా చదవండి. "ఈరోజే కావాలి" అనకండి.

గాగుల్స్ కొనిస్తే సరిపోతుంది కదా అనుకోవచ్చు. నేనూ అదే అనుకుని, అన్న చెయ్యి నయమయ్యాక ఒక జత కొనిచ్చాను. సంతోషంగా తీసుకుని మేకుకి తగిలించాడు. వారం తర్వాత చూస్తే అక్కడే ఉన్నాయి. "చెమటకి మసకబారుతున్నాయి చెల్లెమ్మా, అర్జెంటు పనిలో తుడుచుకుంటూ కూర్చోలేం కదా" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఆ "అర్జెంటు" మనం తెచ్చిపెట్టిందే. గార్డు బిగించుకోవడానికి, అద్దాలు తుడుచుకోవడానికి, ఇరుక్కున్న డిస్క్‌ని ఆపి మార్చుకోవడానికి నిమిషాలు కావాలి. అద్దాలు డబ్బులిస్తే దొరుకుతాయి. ఆ నిమిషాలు పని ఇచ్చిన వాళ్లు ఇస్తేనే ఉంటాయి.

పోయిన నెల జూనియర్ల ప్రాజెక్టు కోసం వాళ్లతో కలిసి మళ్లీ ఆ షాపుకి వెళ్లాను. ఆయన ముంజేతి మీద గీత ఇంకా ఉంది, కోత గీతలా సూటిగా లేదు. కాగితం తీసుకుని చూసి, "మీటర్ తెచ్చారా?" అని అడిగాడు. తెచ్చామన్నాం. దాన్ని డ్రాయింగ్ మీద బోర్లా పెట్టి, బాడీ చుట్టూ పెన్సిల్‌తో గీసి, 92 చూసి తలూపాడు.

"ఎప్పటికి కావాలి?"

"వచ్చే గురువారానికి అన్నా. జిగ్ సా ఉన్నప్పుడే చెయ్యండి."

ఆయన గోడ మీది క్యాలెండర్ కేసి చూసి, మళ్లీ మా కేసి చూశాడు.

"మీరు ఎదురు కాలేజీ వాళ్లేనా?" అన్నాడు.